చెయ్యెత్తిన సైనికుడు

‘శిలాదుర్గం’ విడుదలైన రోజు శంషాబాద్ హాలులో కుర్చీలు విరిగాయి. విరగ్గొట్టిన వాళ్లలో శ్రీకాంత్ కూడా ఉన్నాడు. అతను ఎయిర్‌పోర్టు దగ్గర క్యాబ్ నడుపుతాడు. ఊళ్లో హీరో అభిమాన సంఘానికి కార్యదర్శి. ట్రైలర్‌లో చూపించి ఏడాది పాటు ఊరించిన కోట యుద్ధం తీరా సినిమాలో లేదు. రాకుమారుడు గుర్రమెక్కి కోటవైపు వెళ్తాడు, మరుసటి సీన్లో కోట కాలిపోయి ఉంటుంది. అంతే.

“యుద్ధమేదిరా?” అని మొదట అరిచింది శ్రీకాంత్ దోస్తు హరిప్రసాద్. ఆ తర్వాత హాలంతా అదే అరుపు.

నిడివి ఎక్కువైందని తీసేశామని డైరెక్టరు టీవీలో చెప్పాడు. ఎవరూ నమ్మలేదు. శ్రీకాంత్ ఫేస్‌బుక్‌లో ‘మా యుద్ధం మాకియ్యండి’ అని ఒక పేజీ తెరిచాడు. హాలు ముందు బ్యానరు కట్టి ధర్నా చేశారు. హీరో పోస్టరుకు పాలు పోసిన చేతులతోనే డైరెక్టరు పోస్టరుకు పేడ కొట్టారు.

రెండో వారంలో ఆ సీను ఎక్కణ్ణుంచో బయటికొచ్చింది. గ్రాఫిక్స్ కలపని పచ్చి సీను. ఆకాశం ఉండాల్సిన చోట ఆకుపచ్చ గుడ్డ. మంటలు లేవు, రాక్షసులు లేరు. మహేశ్వరం దగ్గరి బీడు భూముల్లో కట్టిన చెక్క కోట, నిచ్చెనలెక్కే మనుషులు, గాలి హోరు. చివర్లో గోడమీంచి ఒక సైనికుడు జారి, పరుపులు లేని వైపు పడతాడు. కాసేపు కదలడు. తర్వాత కుడిచెయ్యి మెల్లగా పైకి లేస్తుంది. కత్తులు పట్టుకున్నవాళ్లు అతని పక్కనుంచే పరుగెత్తుకుంటూ పోతారు. చెయ్యి అలాగే కొంతసేపు నిలబడి కిందికి వాలిపోతుంది.

అభిమానులకు ఆ చెయ్యి పిచ్చిగా నచ్చింది. “ఏం యాక్టింగ్‌రా భై! పానం పోయినట్టే చేసిండు” అన్నాడు హరిప్రసాద్. శ్రీకాంత్ ఆ ముక్క ఒక్కటీ కత్తిరించి, నెమ్మదిగా నడిచేలా చేసి, వెనక డప్పులు కలిపి, ‘చెయ్యెత్తిన సైనికుడు’ అని పేరు పెట్టి పేజీలో వేశాడు. అసలు సీను కంటే ఇదే ఎక్కువ తిరిగింది. క్యాబ్‌ల పార్కింగులో ఏ ఫోను చూసినా అవే డప్పులు. శ్రీకాంత్ ఛాతీ ఉప్పొంగింది.

ఒక మధ్యాహ్నం ఎయిర్‌పోర్టులో ఊడ్చే వాళ్ల యూనిఫాంలో ఒకమ్మాయి అతణ్ణి వెతుక్కుంటూ పార్కింగుకు వచ్చింది.

“డప్పుల వీడియో చేసింది నువ్వేనా అన్నా?”

“నేనే. బాగుందా?” నవ్వుతూ అడిగాడు శ్రీకాంత్.

ఆ అమ్మాయి నవ్వలేదు. “నా పేరు జూలీ. మాది జల్‌పల్లి. గా పడ్డాయన మా అన్న, ప్రేమ్ రాజ్. షూటింగులకు పోతుండె. పోయిన యేడు సచ్చిపోయిండు.”

శ్రీకాంత్‌కు వెంటనే అర్థం కాలేదు. “ఎట్ల?” అన్నాడు.

“అన్నం తినెతందుకు దిగుకుంట మెట్ల మీద జారిండని సినిమా కంపెనీవోళ్లు చెప్పిన్రు. మెట్లు గిట్ల ఏం లేవు కదన్నా గా సీన్ల? నేను మస్తుసార్లు చూసిన.”

శ్రీకాంత్ కారు తలుపు పట్టుకుని నిలబడిపోయాడు. తీసేస్తానని చెప్పబోయాడు. జూలీ ఆపింది.

“తీసేస్తే మాకేమొస్తది? మా అమ్మ చూస్తనంటుంది. డప్పులు లేంది ఉంటే జర తెచ్చి చూపియ్యి.”

మరుసటి ఆదివారం చర్చి ముగిసే వేళకు శ్రీకాంత్ జల్‌పల్లి వెళ్లాడు. జూలీ తల్లి ఎస్తేరమ్మ తెల్లచీరలోనే మంచం మీద కూర్చుని ఉంది. ఫోను ఆమె చేతికిచ్చి, పచ్చి సీను మొదటినుంచీ పెట్టాడు. ఎవరూ పట్టించుకోని ఆ మొదటి భాగంలో నిచ్చెన కింద ఒక కుర్రాడు అతికించిన గడ్డం ఊడిపోతుంటే వేలితో నొక్కుకుని పక్కవాడితో నవ్వుతున్నాడు.

“ఆపు బిడ్డా,” అంది ఎస్తేరమ్మ.

ఆపాడు. ఆమె ఆ నవ్వును చాలాసేపు చూసింది. గడ్డం వాడికి నప్పలేదని అంది. తర్వాత, “ఇగ నడిపియ్యి” అంది.

గోడ వచ్చింది. జారడం వచ్చింది. చెయ్యి లేచింది.

“పిలుస్తుండు,” అంది ఎస్తేరమ్మ. గొంతు మామూలుగానే ఉంది. “గంతమంది ఉన్నరు కదా. గదేంది, ఎవ్వలు వస్తలేరు?”

ఆ చెయ్యి శ్రీకాంత్ వందసార్లు చూశాడు. ఎంత బాగా ఎత్తాడని తప్ప, ఎందుకెత్తాడని ఒక్కసారీ అనుకోలేదు.

ఇంటికి పోగానే డప్పుల వీడియో తీసేసి, ఆ చోట ఇలా రాశాడు: ‘అది నటన కాదు. ఆయన పేరు ప్రేమ్ రాజ్. నిజంగా పడ్డడు, నిజంగా సచ్చిపోయిండు.’ జవాబులు వెల్లువలా వచ్చాయి. కొందరు అయ్యో అన్నారు. కొందరు అవతలి హీరో మనిషివని తిట్టారు. నిజమైన చావట, మళ్లీ చూడండని ఇంకొందరు పంచుకున్నారు. అతను తీసేసిన వీడియో పదిమంది పేజీల్లో మొలిచింది. హరిప్రసాద్ ఫోన్ చేసి, “సినిమాల సీను ఇగ కలుపుతరనంగ గిట్ల చేస్తవేందిరా?” అని కోప్పడ్డాడు.

జూలీ, శ్రీకాంత్ కలిసి ఠాణాకు పోయి ఫిర్యాదిచ్చారు. కంపెనీ తరఫున వచ్చిన మనిషి సీను చూసి, పడింది మనిషి కాదు, బొమ్మ అన్నాడు. “బొమ్మ చెయ్యి లేపుతదా సార్?” అని జూలీ అడిగింది. తీగలతో లేపుతామన్నాడతను. దర్యాప్తు చేస్తామని పోలీసులు రాసుకున్నారు.

ఆ రోజునుంచి శ్రీకాంత్‌కు కారు నడపడం కష్టమైపోయింది. ఎయిర్‌పోర్టు ముందు ప్రయాణికులు క్యాబ్ కోసం చెయ్యెత్తుతారు. ఎవరు చెయ్యెత్తినా, కిరాయి ఉన్నా లేకున్నా బండి ఆపి దిగి దగ్గరికి పరుగెత్తేవాడు. “ఏమైందన్నా?” అని వాళ్లే కంగారుపడేవాళ్లు.

నాలుగో వారంలో కంపెనీ యుద్ధం సీను సినిమాలో కలిపింది. అభిమానుల విజయమని పేపర్లో వేశారు. ఆ సంగతి విని ఎస్తేరమ్మ తానూ చూస్తానంది. కొడుకును పెద్ద తెర మీద ఒక్కసారి చూసుకోవాలని ఆమె ఆశ. శ్రీకాంత్ తన కారులోనే ఆమెనూ జూలీనీ శంషాబాద్ హాలుకు తీసుకొచ్చి, చివరి వరసలో కూర్చోబెట్టాడు.

యుద్ధం మొదలైంది. ఆకుపచ్చ గుడ్డ పోయి ఎర్రటి ఆకాశం వచ్చింది. కాగితాలు ఎగిరాయి, ఈలలు చెవులకు చిల్లులు పొడిచాయి. ఎస్తేరమ్మ ముందుకు వంగి ప్రతి ముఖాన్నీ వెతికింది. నిచ్చెన దగ్గరి నవ్వు రాలేదు. గోడ వచ్చింది, మనుషులు ఎక్కారు. ఒక మనిషి జారబోతుండగానే తెరంతా మంటలు కమ్ముకున్నాయి. మంటలు తగ్గేసరికి రాకుమారుడు కోటలో ఉన్నాడు.

ముందు వరసల్లోంచి హరిప్రసాద్ గొంతు లేచింది.

“చెయ్యేది?”

“చెయ్యేదిరా? మా చెయ్యి మాకియ్యండి!” హాలంతా అందుకుంది. కుర్చీల మీద కొడుతున్నారు. వందల చేతులు ఒక్కసారి పైకి లేచి తెరమీద నీడలై పడ్డాయి.

“ఏమడుగుతున్నరు బిడ్డా వీళ్లు?” అంది ఎస్తేరమ్మ.

జూలీ తల పక్కకు తిప్పుకుంది. శ్రీకాంతే చెప్పాల్సి వచ్చింది. “ప్రేమ్ కోసం అమ్మా. ప్రేమ్ చెయ్యి ఏదని.”

ఆమె ఆ చేతులన్నిటినీ చూసింది. ఆ చీకట్లో ఆమె ముఖంలో ఏముందో శ్రీకాంత్‌కు తెలియలేదు.

“గింతమందా!” అంది. “గా దినం వీళ్లల్ల ఒక్కడన్న గక్కడుంటే మంచిగుంటుండె.”

లేద్దామన్నా ఆమె లేవలేదు. ఆట పూర్తిగా అయిపోయి, లైట్లు వెలిగి, ఊడ్చేవాళ్లు లోపలికి వచ్చేదాకా తెరవైపే చూస్తూ కూర్చుంది. శ్రీకాంత్ కూడా పక్కనే కూర్చున్నాడు. తర్వాత వాళ్లిద్దరినీ జల్‌పల్లిలో దింపి, కిరాయికి పోకుండా కారును తన ఇంటి ముందు ఆపి అందులోనే కూర్చున్నాడు. బయట వీధిలో ఎవరి ఫోనులోనో డప్పులు మొదలయ్యాయి. అవి తను కలిపిన డప్పులే. చెయ్యి ఎక్కడ లేస్తుందో, ఏ దెబ్బకు వాలుతుందో అతనికి చూడకుండానే తెలుసు. అద్దాలు పైకెత్తుకున్నాడు. అయినా వినబడుతూనే ఉన్నాయి.