రాజేశ్వరి టేపు

కూతురు బడి నుంచి తెచ్చిన కార్డును రాజేశ్వరి కుట్టుమిషను మీద పెట్టుకుని రెండుసార్లు చదివింది. సత్యశ్రీ, నాలుగో తరగతి. ఎత్తు యాభై అంగుళాలు. నడుము ఇరవయ్యారు. నడుము ఎత్తులో సగం దాటింది కాబట్టి ఒంట్లో కొవ్వు ఎక్కువున్నట్టు అనుమానం. ఆస్పత్రిలో పరీక్ష చేయించాలి. కింద తల్లి సంతకానికి గీత.

"ఎవులే ఇది రాసింది?"

"గౌతమి మేడమ్. ఆస్పత్రి నుంచొచ్చేరు. సెయ్యి ఎనకాల సర్మం కూడా పట్టకారు లాంటి దాంతో పట్టి సూసేరు. నొప్పెట్టనేదులే."

నర్సీపట్నంలో పదిహేనేళ్ళుగా జాకెట్లు కుడుతున్న తనకా వీళ్ళు కొలతలు చెప్పేది? అయినా పనిగట్టుకుని బడికొచ్చి పిల్లల నడుములు ఎందుకు కొలుస్తారు, ఏదో లాభం లేకపోతే? సందు మొగలో మందుల షాపు చిట్టిరాజు పోయిన నెలే బరువు తగ్గించే పొడి డబ్బాలు అద్దాల్లో పేర్చాడు. ఆ డబ్బాలకూ ఈ కార్డుకూ సంబంధం రాజేశ్వరికి ఇట్టే కనబడిపోయింది.

మెడలోని టేపు తీసి పిల్ల నడుముకు చుట్టింది.

"ఇరవై నాలుగు ముప్పావు. సూసేవా అత్తా, అంగుళం పైనే ఎక్కువేసీసేరు."

గుమ్మంలో కూర్చుని చింతపండు గింజ తీస్తున్న మహాలక్ష్మమ్మ తల ఎత్తకుండానే అంది. "అందరి ముందరా గుంటని కొలిస్తే దిష్టి తగలదేటి? ఎదిగే పిల్ల."

చాపిన ఆమె ఎడమ కాలికి బొటనవేలు లేదు. సుగర్ వల్ల పోయిన ఏడాది తీసేశారు. రాజేశ్వరి ఆ కాలి వైపు చూసి, చప్పున చూపు తిప్పుకుంది.

సాయంత్రం సంతకాల కోసం గౌతమే ఇంటికొచ్చింది. మాకవరపాలెం పిల్ల, పాతికేళ్ళుంటాయి. రాజేశ్వరి చూపంతా ఆమె భుజానున్న బరువైన సంచీ మీదే ఉంది.

"డబ్బా ఎంతమ్మా?"

"ఏ డబ్బా అక్కా?"

"పొడి డబ్బా. అమ్మడానికే కదా వచ్చేవు."

గౌతమి సంచీ దించి కటింగ్ బల్ల మీద బోర్లించింది. కార్డుల కట్ట, టేపు, ఆ పట్టకారు, నీళ్ళ సీసా, టిఫిన్ బాక్సు. "పొడి నేదక్కా. పొద్దున్న పులిహోర మిగిలింది, పెట్టమంటావేటి?"

రాజేశ్వరి నవ్వలేదు. "నీ టేపు తప్పు."

"సరే. నా టేపూ వద్దు, నీ టేపూ వద్దు. ఓ దారం ముక్కియ్యి."

పిల్లను గోడకు ఆనించి, మడమ నుంచి నడినెత్తి దాకా దారం పట్టి తెంచింది గౌతమి. సగానికి మడిచింది. "నువ్వే సుట్టు అక్కా. బొడ్డుకి కొంచెం పైన. ఇది అందితే సగం లోపున్నట్టే."

రాజేశ్వరి చుట్టింది. రెండు కొసలూ కలవలేదు. మధ్యలో వేలి కణుపంత ఖాళీ.

"దారం మెలిపడింది," అంటూ విప్పి మళ్ళీ చుట్టింది. "ఊపిరొదలవే." సత్యశ్రీ ఊపిరి వదిలింది. ఖాళీ అలాగే ఉంది.

మరి తన టేపు సగం లోపేనని చెప్పిందేం? రాజేశ్వరి దాన్ని బల్ల మీద పరిచి కళ్ళు చికిలించి చూసింది. సత్యశ్రీ బడి సంచీలోంచి తన స్కేలు తీసి పక్కన పెట్టింది. స్కేలు మీద పన్నెండు అంగుళాలు. పక్కన టేపు మీద పదకొండున్నర కూడా రాలేదు.

"అమ్మా, నీ టేపు సాగిపోనాది."

"ఏటి సాగడం?" మహాలక్ష్మమ్మ కసిరింది. "ఇన్నేళ్ళలో మీ అమ్మ కుట్టిన జాకెట్టు ఒక్కటి తేడా వచ్చిందా?"

రాజేశ్వరి స్కేలు పక్కన టేపును సరిచేసి మళ్ళీ చూసింది. "కొలిసిందీ దీంతోనే, కత్తిరించిందీ దీంతోనే అత్తా. రెండు సోట్లా ఒకేలాగ తప్పితే ఎవులికి తెలుస్తాది?"

కొక్కానికి సత్యశ్రీ యూనిఫాం వేలాడుతోంది. జూన్ నుంచి దాని పక్క కుట్లు తనే రెండుసార్లు విప్పి వదులు చేసింది. ఇక విప్పడానికి లోపల మడత గుడ్డ లేదు. అప్పుడు ఎదుగుతోందని మురిసిపోయిందే తప్ప, ఎటు ఎదుగుతోందో చూడలేదు.

"సుగరేనా?" గొంతు తగ్గించి అడిగింది.

"దారంతో అది సెప్పలేం అక్కా. ఒంట్లో కొవ్వుందేమోనని అనుమానం, అంతే. పరీక్ష సేస్తేనే తెలుస్తాది. మామ్మగారి కాలి సంగతి కూడా డాక్టరుగారికి సెప్పు. రేపు బేగి ఆస్పత్రికి రండి, పరగడుపునే."

రాజేశ్వరి గీత మీద సంతకం పెట్టి, కార్డు చేతికివ్వకుండా పట్టుకుంది. "అక్కడ గానీ పొడి రాసేరో, కొన్ను."

"కొనకు అక్కా."

గౌతమి వెళ్ళాక రాజేశ్వరి పాత టేపును చెత్తబుట్ట దాకా తీసుకెళ్ళి ఆగింది. బల్ల మీద ఎవరిదో జాకెట్టు సగం కత్తిరించి ఉంది. దాని కొలతలు ఈ టేపువే. మళ్ళీ మెడలో వేసుకుంది.

దారాన్ని మాత్రం మడత విప్పకుండా ముడివేసి, ఆస్పత్రికి పట్టుకెళ్ళే సంచీలో పెట్టింది. అక్కడ వాళ్ళేం కొలుస్తారో తనూ చూడాలి.