ఇనుప నీళ్ళు

చొక్కాకు గంజి పెట్టడంలో ఒక లెక్క ఉంది. పలచనైతే మధ్యాహ్నానికల్లా కాలరు వాడిపోతుంది. చిక్కనైతే కుట్ల దగ్గర పొలుసు కట్టి కారు సీటుకు తెల్లగా అంటుకుంటుంది. అప్పుడు శోభ మొగుడు వీరేందర్, "గంజి పెట్టుడు గూడ రాదా నీకు? మా అమ్మనడుగు, చెప్తది" అంటాడు. వాళ్ళమ్మ పుష్పాబాయి జన్మలో ఏ బట్టకూ గంజి పెట్టలేదు. తండాలో పుట్టి పెరిగి, ఇప్పటికీ ఎర్రటి పేటియా లంగా, అద్దాల రవిక వదలని మనిషి ఆమె. గంజి తాగడానికి గాని బట్టల మీద పోయడానికి కాదని ఆమె నమ్మకం. అయినా సరే, కోడలికి రాని పనులన్నీ అత్తకు వచ్చినట్టే ఆ ఇంట్లో.

వీరేందర్ మిర్యాలగూడ బైపాస్ పక్కన ప్లాట్లు అమ్ముతాడు. తెల్లచొక్కా లేనివాడి మాట నమ్మి ఎవడూ ప్లాటు కొనడని అతని సిద్ధాంతం. మామూలు రోజుల్లో ఒక చొక్కా, ఎండాకాలంలో రెండు. "మా వీరేందర్ అన్న ఎప్పుడు సూడు, కడిగిన ముత్యం లెక్క ఉంటడు" అని జనం అంటే ఇంటికొచ్చి మురిసిపోతూ చెబుతాడు. ఆ ముత్యాన్ని రోజూ కడుగుతున్నది ఎవరో అడిగిన పాపాన పోయినవాడు లేడు.

శోభ సూర్యాపేటలో బొమ్మల చదువు చదువుతోంది, ఆఖరి సంవత్సరం. పెళ్ళయ్యాక కూడా కాలేజీకి పోతానంటే, "పోనీ, పిల్లలయ్యేదాక టైంపాస్ అయితది" అన్నాడు వీరేందర్. చుట్టాలందరూ ఎంత మంచి మొగుడు దొరికాడే అన్నారు. శోభ కూడా అలాగే అనుకుంది. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

ఫైనల్ ప్రాజెక్టుకు ఈ ఏడు అందరికీ ఒకటే అంశం ఇచ్చారు: కనబడనిది. శోభ మొదట అత్త తన చేత్తో కుట్టుకున్న రవికలోని అద్దాలను, కుట్లను కాన్వాసు మీద వేసింది. ప్రాజెక్టు చూసే కరుణ మేడంది కోదాడ, పొగిడినా తిట్టినా మెత్తగానే ఉంటుంది. చాలాసేపు చూసి, "బాగుంది శోభా. కానీ ఇదంతా మీ అత్తగారి పనితనం. ఇందులో నువ్వెక్కడున్నావ్?" అంది. బస్సులో వస్తున్నంతసేపూ అదే ప్రశ్న. నేనెక్కడున్నాను? వంటింట్లో ఉన్నాను, కానీ తిన్న కంచాలు కడిగేశాక అక్కడేం మిగలదు. చీపురు పట్టిన చోట చెత్త ఉండదు, చెత్త లేనిచోట నేను ఊడ్చినట్టూ ఉండదు. పని ఎంత బాగా చేస్తే నేను అంత లేకుండా పోతున్నాను. ఇంటికొచ్చేసరికి బకెట్లో చొక్కాలు నానుతున్నాయి. వాటిని చూస్తూ బ్యాగు భుజాన ఉండగానే నిలబడిపోయింది.

క్లాసులో బట్టల అద్దకం నేర్పినప్పుడు చూసిందే. కరక్కాయ నీళ్ళు తగిలిన గుడ్డ మీద ఇనుప నీళ్ళు పడితే అంత మేరా నల్లబడుతుంది. శోభ గుడ్డకు బదులు తన చేతులను కరక్కాయ నీళ్ళలో ముంచింది. తడి చేతులతోనే ఒక పాత దిండుగలీబు ఉతికి, ఆరేసి, మడత పెట్టింది. మొదటిసారి నీళ్ళు చిక్కనై గుడ్డంతా మరకలైంది. "పసుపు చేతులతోని పట్టుకున్నవానే?" అంది పుష్పాబాయి. పలచన చేస్తే అసలేమీ పట్టలేదు. ఇనుప నీళ్ళు ఇంకో గోల. తుప్పు మొలలు, బెల్లం వేసి ఊరబెడితే పుల్లటి కంపు. ఇస్త్రీకి నీళ్ళు కొట్టే సీసా లాంటిదే ఇంకొకటి కొని, వడగట్టి అందులో పోసింది. చివరికి ఒక సాయంత్రం, ఏమీ లేని తెల్ల గలీబు మీద ఆ నీళ్ళు కొట్టగానే ఒక బొటనవేలు తేలింది. తర్వాత మిగతా వేళ్ళు, అరచెయ్యి. శోభ బాత్రూములో కింద కూలబడి ఏడ్చింది. అది సంతోషమే.

కఫ్ చిరిగిందని వీరేందర్ పారేసిన చొక్కా ఒకటి తీసుకుంది. ఉతకడం, గంజి, పిండడం, ఆరేయడం, ఇస్త్రీ, గుండీలు పెట్టడం, అన్నీ కరక్కాయ చేతులతోనే చేసింది. చూడటానికి మామూలు తెల్లచొక్కా. మార్కులేయడానికి వచ్చినవాళ్ళ ముందు వేలాడదీసి, వాళ్ళు చూస్తుండగా ఇనుప నీళ్ళు కొట్టాలి. అదే ప్రాజెక్టు. రెండోది చేసే వ్యవధి లేదు. జాగ్రత్తగా వెనక వసారాలో తీగ మీద విడిగా వేసింది.

పరీక్ష రేపనగా అన్నం తింటూ వీరేందర్ అన్నాడు, "రేపు కోదాడల కొత్త వెంచర్ ఓపెనింగ్. అందరు జోడీగ వస్తున్నరు. పట్టుచీర కట్టుకో."

"రేపు నాకు ఫైనల్. చెప్పిన గదా."

"బొమ్మలే గదా, ఎల్లుండి సూపియ్యి."

"ఎల్లుండి ఎవరు సూస్తరు? రేపు పోకపోతే ఏడాది పోతది."

"పోతే పోనీ. ఈసారి కాకపోతే ఇగ బంద్ చెయ్యి. గా సదువుతోని ఏమొచ్చింది, ఇల్లంత కంపు తప్ప?"

తెల్లారి చూస్తే తీగ మీద చొక్కా లేదు.

"అత్తా, ఎనక తీగ మీది చొక్కా ఏది?"

"మంచి బట్ట, కఫ్ పోయిందని పారేస్తరా ఎవలన్న? కుట్టి బీరువల పెట్టిన. కుట్టు ఏడుందో సూడు, కనబడదు" అంది పుష్పాబాయి, మెచ్చుకుంటుందేమోనని కోడలి ముఖంలోకి చూస్తూ. నిజంగా కనబడదు. అంత సన్నటి పని ఆమెది.

శోభ హాల్లోకి పరుగెత్తింది. వీరేందర్ అద్దం ముందు అదే చొక్కాలో ఉన్నాడు.

"అది ఇప్పియ్యి. నా ప్రాజెక్టు అది."

"నా చొక్కా నీ ప్రాజెక్టెట్లయితది?" అని నవ్వాడు. "కారొచ్చింది. ఛాతి మీద ముడతలున్నయ్ సూడు, జల్ది నీళ్ళు కొట్టి చేత్తోని సాపు చెయ్యి. ఇంక చీర గూడ కట్టుకోలే నువ్వు."

"మల్లొకపారి చెప్తున్న. ఇప్పియ్యి."

"నీళ్ళు తే అంటున్న!"

ఇస్త్రీ బల్ల మీద రెండు సీసాలూ పక్కపక్కనే ఉన్నాయి. శోభకు భయమేసింది. లేదనడం అబద్ధం. అతను ఎప్పుడూ కొట్టలేదు, కానీ కంచం విసిరినప్పుడల్లా ఈసారి తననే అనుకునేది. కోదాడ దాకా చెమటలో తడిస్తే ఆ చొక్కా ఇక ఎందుకూ పనికిరాదు. రేపు మళ్ళీ బకెట్లో పడుతుంది, మళ్ళీ తనే ఉతుకుతుంది, తెల్లగా. ఇనుప నీళ్ళ సీసా తీసుకుని వచ్చి అతని ఛాతి మీద కొట్టింది.

"ఏందిది, పుల్లటి వాసన?"

ముందు జేబు అంచున ఒక వేలు లేచింది. ప్రతి గుండీ పక్కనా వేలి కొసలు. గుండె మీద, ఇస్త్రీకి ముందు సాపు చేసిన చోట, అరచేతులు రెండూ నల్లగా, గీతలతో సహా. పుష్పాబాయి దగ్గరికొచ్చి కొడుకు ఛాతి మీది చేతిని తన చేతితో కొలిచి చూసింది. సరిపోలేదు. కోడలి చేతుల వంక చూసి, తన చెయ్యి తీసేసుకుంది.

వీరేందర్ అద్దంలో చూసుకుని బిగుసుకుపోయాడు. అరుస్తాడనుకుంది శోభ. అరవలేదు. "ఎవరివే ఈ చేతులు?" అన్నాడు, నిజంగానే తెలియక.

శోభకు అప్పటిదాకా ఉన్న భయం ఆ మాటతో పోయింది. చెయ్యి చాపింది.

"ఇప్పియ్యి. ఈపు దిక్కు ఇంకా తెల్లగనే ఉన్నది. అది సూర్యాపేటల తడపాలె."