బాలసుందరం మాటలున్న పంజరం

పొద్దున ఆరింటికి కోమలవల్లి పంజరం అడుగు పలక లాగి, రెట్టలు పడిన పాత పేపరు తీసేసి కొత్తది పరిచేది. నీళ్ళ గిన్నె తోమి నింపేది. రాత్రి నానబెట్టిన శనగలు, రెండు పచ్చిమిరపకాయలు, దొరికిన రోజు ఎర్రగా పండిన దొండపండ్లు వేసేది. తర్వాత పంజరాన్ని వరండాలో లేత ఎండకు పెట్టి, చేత్తో నీళ్ళు చిలకరించేది. చిలుక ఈకలు విదిలించుకుని, ఆమె భర్త బాలసుందరం గొంతుతో, "కోమలం, కాపీ" అనేది.

ఆమె లోపలికెళ్ళి కుర్చీలో కూర్చున్న భర్తకు కాఫీ ఇచ్చేది. ఆయనకు ఆ మాట పోయి ఏడాదైంది.

బాలసుందరం కోయంబత్తూరు పీళమేడులో ఒక పంపుల ఫ్యాక్టరీలో, ఇనుము పోతపోసే చోట ఫోర్‌మన్‌గా చేసి రిటైరైనవాడు. మూడేళ్ళ కిందట మతిమరుపు మొదలైంది. ఆయన మరిచిన ప్రతి మాటా చిలుకకు వచ్చేది. మొదట వీధుల పేర్లు, తర్వాత వస్తువులు పెట్టిన చోట్లు, ఆ తర్వాత మనుషులు. బీరువా తాళం కనపడకపోతే కొడుకు అరవిందన్ పంజరం దగ్గరికే వెళ్ళి అడిగేవాడు. పెన్షను ఆఫీసులో గుమాస్తా పుట్టిన తేదీ చిలుకనడిగే రాసుకున్నాడు. ఆర్.ఎస్. పురం డాక్టరు ఆయనకు మాత్రలు రాసిచ్చి, "కిళి బాగా తింటా ఉందా?" అని చిలుక గురించి కోమలవల్లిని అడిగేవాడు. "రెక్కలు మాత్రం పెరగనీయొద్దమ్మా. అది ఎగిరిపోతే ఈయనకు ఏమీ మిగలదు."

అందుకని ఈకలు వచ్చినప్పుడల్లా చిలుకను తువ్వాలులో చుట్టి, చిన్న కత్తెరతో ఆమే కత్తిరించేది.

అన్నం పెట్టేటప్పుడు పంజరం ఆయన పక్కనే స్టూలు మీద ఉండాలి. "నువ్వెవరమ్మా?" అనేవాడు ప్రతి పూటా. "కోమలవల్లి. నా పెండ్లాం," అనేది చిలుక. అప్పుడే నోరు తెరిచేవాడు.

ఎండలు మొదలయ్యే మాసి నెలలో ఒకరోజు కత్తెర పట్టుకుని రెక్క విప్పుతూ ఉంటే, తువ్వాలులోంచి చిలుక మాట్లాడింది.

"కోమలానికి టీచరు ఆర్డరు వొచ్చింది. పెరియకుళం పక్కన స్కూలు. పోస్ట్‌మేను నా చేతికే ఇచ్చినాడు. ఫ్యాక్టరీకి తీసుకపొయ్యి కొలిమిలో ఏసేస్తిని. అది ఆడికి పొయ్యిందంటే నాకు అన్నం ఎవురు పెడ్తారు?"

కోమలవల్లి దూరాన ఆ పెరియకుళంలోనే పుట్టిన పిల్ల. పెళ్ళికి ముందే టీచర్ ట్రైనింగ్ ముగించింది. పెళ్ళైన కొత్తల్లో ఆ ఆర్డరు కోసం రెండేళ్ళు ఎదురుచూసింది. ఎంప్లాయ్‌మెంట్ ఆఫీసుకు బాలసుందరమే తోడొచ్చేవాడు. లీవు పెట్టి మరీ ఎండలో ఆమెతో పాటు క్యూలో నిలబడేవాడు. బయటికొచ్చాక గోలీసోడా ఇప్పించి, "బాధపడొద్దు కోమలం, నేనుండాను గదా," అనేవాడు. ఆ ఒక్క మాట తలుచుకునే, ఆయన విసుర్లనూ విస్తరి తోసేసి లేచిపోవడాలనూ నలభై ఏళ్ళు ఓర్చుకుంది.

ఆమె చిలుకను పంజరంలో వదిలి లోపలికెళ్ళింది.

"ఆ కాగితం ఏంటికి కాల్చినారు?"

ఆయన ఆమెను చూసి నవ్వాడు. "ఏం కాగితమమ్మా?"

మళ్ళీ అడిగింది. భుజాలు పట్టుకుని ఊపి అడిగింది. ఆయన భయపడి, ఎవరన్నా వస్తారేమోనని వాకిలి వైపు చూశాడు. ఆమె చేతులు వదిలేసి వంటింట్లోకి వెళ్ళి, స్టవ్ ముందు నిలబడింది. పొంగిన పాలు గట్టు మీద కారిపోయాయి.

ఆ రోజు నుంచి ఆమె రెక్కలు కత్తిరించలేదు. చిలుకకు మాత్రం ఎన్నడూ లేనంత సేవ చేసింది. మార్కెట్టంతా తిరిగి జామపండ్లు తెచ్చేది. మొలకెత్తిన పెసలు పెట్టేది. మధ్యాహ్నం వెనక గది తలుపులు మూసి, చిలుకను బయటికి వదిలి ఎగరడం అలవాటు చేసేది.

"అవ్వా, రెక్కలు ఇంత పెరిగినాయే, కత్తిరించలేదా?" అంది మనవరాలు దర్శిని.

"కత్తెర మొద్దుబారిపొయ్యింది కన్నా."

ఆ నాలుగు నెలల్లో ఆయన కొడుకు పేరు మరిచాడు. తర్వాత తన పేరు. ఆ రోజంతా చిలుక "బాలసుందరం, బాలసుందరం" అని అరుస్తూనే ఉంది.

ఆషాఢంలో ఆడి నెల గాలులు మొదలైన వారం, అందరూ పనులకూ స్కూలుకూ పోయాక, కోమలవల్లి పంజరాన్ని పెరట్లోకి తెచ్చి తలుపు తీసింది. చిలుక గోడెక్కి కూర్చుంది.

"కోమలం, గాలిగా ఉండాది. లోపలికి పో," అంది. ఆమెకు జ్వరం వచ్చినప్పుడు ఆయన పలికిన గొంతు అది.

ఆమె కదల్లేదు. చిలుక లేచి, కొబ్బరిచెట్ల మీదుగా పడమటికి వెళ్ళిపోయింది. తను పాతికేళ్ళ వయసులో ఎట్లా ఉండేదో గుర్తున్న ప్రాణం అదొక్కటేనని, అది కనుమరుగయ్యాక తోచింది. వెంటనే చేతులు తట్టి పిలిచింది. దొండపండు చూపించి పిలిచింది. రాలేదు.

"ఎట్లా పొయ్యిందమ్మా?" అన్నాడు సాయంత్రం అరవిందన్.

"గడియ సరిగ్గా పడలే."

అతను నమ్మాడు. టార్చి పట్టుకుని నాలుగు వీధులు తిరిగొచ్చి, తండ్రి కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చాడు. ఎవరో పరాయి మనిషి ఏడుస్తున్నాడనుకుని బాలసుందరం అతని తల నిమిరాడు.

మర్నాడు మధ్యాహ్నం ఇంట్లో ఇద్దరే ఉన్నారు. ఆమె అన్నం కలిపి ముద్ద ఎత్తింది.

"నువ్వెవరమ్మా?" అన్నాడు ఆయన. స్టూలు ఖాళీగా ఉంది.

"ఈ ఇంట్లో వంట చేస్తాను."

ఆయన ముద్ద వైపు చూసి నోరు తెరిచాడు. మెల్లిగా నమిలి, "బాగుండాదమ్మా," అన్నాడు. ఆమె వంటను ఆయన బాగుందనడం అదే మొదటిసారి.

"మీ ఊరు దూరమా?"

"దూరమే."

"చదువుకోలేదా నువ్వు?"

"చదివినాను."

"మరి ఈ పని ఏంటికి చేస్తా ఉండావు?"

"రావాల్సిన కాగితం ఒకటి రాలే."

"ఎవురూ విచారించలేదా?"

"విచారించినారు. ఎండలో నిలబడి మరీ విచారించినారు."

"అయ్యో, పాపం," అన్నాడు బాలసుందరం. ఆయన కళ్ళల్లో నిజంగానే నీళ్ళు తిరిగాయి.

కోమలవల్లి ఇంకో ముద్ద కలిపింది.