కాకి ముట్టని ముద్ద

అన్నయ్య శ్రీరాములు పోయాడని ఏలూరు ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చేసరికి బుల్లిరాజు తాడేపల్లిగూడెంలో తన ఉల్లిపాయల కొట్టులో ఉన్నాడు. ఏడుస్తూనే కొట్టు కట్టేశాడు. ఏడుస్తూనే దారిలో రెండు పెట్టెల టపాకాయలు కొన్నాడు. అన్నయ్యకి పిల్లల్లేరు, తలకొరివి తనే పెట్టాలి. ఘనంగా సాగనంపకపోతే తమ్ముడై పుట్టి ఏం లాభం?

టపాకాయలంటే అన్నయ్యకి గిట్టదని అతనికి తెలియక కాదు. కొల్లేటి గట్టు మీద అన్నయ్య ఉండే ఊళ్ళో, అతని ఇంటి వెనక తుమ్మచెట్ల మీదికి ఏటా దసరా వెళ్ళగానే గుడ్లు పెట్టి పొదగడానికి గూడబాతులు దిగుతాయి. అవి వచ్చిన తేదీని శ్రీరాములు దూలం మీద సుద్దతో రాసుకునేవాడు. "పురిటికొచ్చిన ఆడపిల్లలండీ, మోత చెయ్యకండి" అని ఇంటింటికీ తిరిగి బతిమాలి, ముప్ఫై ఏళ్ళపాటు ఊరిచేత దీపావళిని దీపాలతోనే సరిపెట్టించాడు. పిట్టల పిచ్చోడని నవ్వినవాళ్ళే చివరికి పెళ్ళిమేళాలు కూడా ఊరు దాటాక వాయించుకున్నారు.

వదిన వెంకటనరసమ్మ ఆ పెట్టెలు చూసింది. గూళ్ళలో ఇంకా రెక్కలు రాని పిల్లలున్నాయి, వద్దంది. బుల్లిరాజు సరేనన్నాడు. కానీ పాడె లేచాక, డప్పు చప్పుడైనా లేకుండా అందరూ గట్టు వెంట తలలు వంచుకుని నడుస్తుంటే అతను ఓర్చుకోలేకపోయాడు. దిక్కులేనివాణ్ణి మోసుకెళ్తున్నట్టుంది. వల్లకాడు చెట్లకి అరమైలు దూరం, అక్కణ్ణుంచి పిట్టలకేం వినిపిస్తుందిలే అనుకున్నాడు. కొరివి పెట్టిన చేత్తోనే టపాకాయల సరం అంటించాడు.

నీళ్ళ మీద చప్పుడు ఎంత దూరం పోతుందో ఉల్లిపాయల వ్యాపారికేం తెలుసు? చెట్ల మీంచి గూడబాతులన్నీ ఒక్కసారిగా లేచాయి. వల్లకాటి మీదుగా ఒక చుట్టు తిరిగాయి. అన్నయ్యకి దణ్ణం పెట్టడానికొచ్చాయనుకుని బుల్లిరాజు పొంగిపోయి, తనూ చేతులు జోడించాడు.

మూడో రోజు చిన్నదినం. గట్టు మీద ముద్ద పెట్టి అందరూ దూరంగా నిలబడ్డారు. గంట గడిచినా కాకి రాలేదు. ఏదో తీరని కోరిక ఉండిపోయిందన్నారు పెద్దలు. బుల్లిరాజు పైకే మాటిచ్చాడు. వదినని కన్నతల్లిలా చూసుకుంటానన్నాడు. ఏటా నీ పేరున అన్నం పెట్టిస్తానన్నాడు. ఇంటి కప్పు బాగుచేయిస్తానన్నాడు. ఒక్కో మాటకీ ఆకాశం కేసి చూశాడు. ఏమీ రాలేదు. చచ్చిపోయాక కూడా అన్నయ్యకి తనమీద కోపమేమోనని భయమేసింది, దుఃఖం ఆగలేదు.

ఆఖరికి వదిననే అడుగుదామని ఇంటికెళ్ళాడు. ఆవిడ పెరట్లో తుమ్మచెట్ల కింద కర్ర పట్టుకుని కూర్చునుంది. పైన గూళ్ళ మీద ఒక్క పెద్ద పక్షి లేదు. ఆ రోజు లేచినవి మళ్ళీ రాలేదు. ఎండకి, ఆకలికి సొమ్మసిల్లి రాలిపోయిన పిల్లలు బురదలో ఎక్కడివక్కడ పడున్నాయి. వాటి చుట్టూ కాకులు. ఊళ్ళో కాకులన్నీ అక్కడే ఉన్నాయి.

బుల్లిరాజు వాటిని చూశాడు గానీ, మనసంతా గట్టు మీది ముద్ద మీదే ఉంది.

"అన్నయ్య ముద్ద ముట్టడం లేదు వదినగారూ. ఏం కోరిక మిగిలిపోయిందో మీకేమైనా తెలుసాండీ?"

ఆవిడ కర్రతో ఒక కాకిని అదిలించింది. అది ఎగరలేక రెండడుగులు గెంతి కూర్చుంది.

"వాటికి ఆకలి లేదండి మరిదిగారూ" అంది.