దూలం మీద రాళ్లు

హెప్సిబాకు ఎస్సోయం అంటే ఒళ్లు మంట. ప్రొద్దుటూరులో ఇంజనీరింగు రెండో ఏడు చదువుతూ, మిగతావన్నీ ఎలాగోలా గట్టెక్కించిన పిల్ల, ఈ ఒక్క స్ట్రెంత్ ఆఫ్ మెటీరియల్స్ దగ్గర చతికిలపడింది. రెండు గోడల మీద దూలం పెడతారట, దానిమీద బరువు వేస్తారట, ఎక్కడ ఎంత వంగుతుందో లెక్క కట్టాలట. ఎవరి దూలం, ఎవరి బరువు? బట్టీ కొట్టింది, తప్పింది. మళ్లీ రాయాల్సిన పరీక్ష నెత్తిమీద ఉండగానే పంచాయతీ ఎన్నికలొచ్చాయి. కాలేజీకి సెలవులిస్తే జమ్మలమడుగులో బస్సు మారి ఊరు చేరింది.

ఇంట్లో మంచం మీద వెల్లకిలా పడుకుని పైకి చూసింది. పుస్తకంలోని బొమ్మ అక్కడే ఉంది. రెండు గోడలు, వాటి మీద వేపదూలం. దూలం నడుమ కిందికి దిగింది. అడుగున వేలు పట్టేంత చీలిక. సరిగ్గా దాని కిందే అమ్మ ఆనందమ్మ రోజూ పడుకునేది.

అది మట్టిమిద్దె. వానకు కారకుండా ఏటా పైన చవుడుమట్టి పోస్తారు. పాతది గీకి పారేసే ఓపిక ఎవరికుంది? తాత పోసినదాని మీద నాన్న, నాన్న పోయాక అమ్మ పోస్తూ వచ్చారు. అది చాలదన్నట్టు ఇల్లు సందు మొదట్లో ఉంది. ఎన్నికలొస్తే చాలు, ఊరి పెద్దాయన మనుషులు ఆ మిద్దె నడిమధ్య రాళ్లు కుప్ప పోసేవారు, అవతలి పార్టీవాళ్లు సందులోకి వస్తే రువ్వడానికి. ఈసారీ పోశారు. పెద్దాయన చేలో కూలికి పోయే ఆనందమ్మకు వద్దనే నోరెక్కడిది?

ఎదురింటి చాంద్‌బీ వాళ్లది అవతలి పార్టీ. ఎన్నికల నెలలో రెండిళ్లకూ మాటలుండవు. అయినా ఆమె నీళ్లబిందెతో పోతూ హెప్సిబా దగ్గర ఆగింది.

"మీ దూలం కిర్రుమంటాంటే మా ఇంట్లోకి ఇనపడతాంది పాపా. మీ యమ్మను బయట వసారాలో పండుకోమను."

ఆ మాట చెబితే ఆనందమ్మ కస్సుమంది. "బయట పండుకుంటే బాంబేస్తారు, లోపల పండుకుంటే మిద్దె పడతాది. యాడ సావమంటావు నన్ను?"

హెప్సిబాకు భయం పట్టుకుంది. పెద్దాయన మనిషి లింగమయ్యను అడిగింది. "మామా, ఆ రాళ్లు దించండి. దూలం ఇరిగేటట్టుంది."

"దించితే మీరు ఏ పార్టీ అని అడుగుతారు పాపా," అన్నాడతను, నెమ్మదిగానే.

పుస్తకం ముందేసుకుని కూచుంది. నడుమ పడిన బరువే దూలాన్ని వంచుతుంది. అదే బరువు గోడ మీదికి జరిగితే దూలానికి దాని బాధే లేదు. ఇన్నాళ్లూ చదివింది ఇదా! పట్టరాని సంతోషంతో లేచి లింగమయ్య దగ్గరికి పరుగెత్తింది.

"దించొద్దులే మామా. సందువైపు గోడ మీదికి చేర్చి, పిట్టగోడ పొడుగునా పేర్పించు."

లింగమయ్య కాసేపు ఆలోచించి తల ఊపాడు. మధ్యాహ్నానికల్లా రాళ్లు జరిగాయి. ఆమె పాత చవుడు కూడా గీకించింది. కిర్రుమనే చప్పుడు ఆగింది. అమ్మ నిశ్చింతగా పడుకుంది, లెక్కలన్నీ చకచకా తేలాయి.

ఓట్ల రోజు సందులో గొడవ లేచింది. మిద్దె మీది నుంచి రాళ్లు వానలా పడ్డాయి. మేకను లోపలికి లాక్కుందామని బయటికొచ్చిన చాంద్‌బీ తల పగిలింది.

సాయంత్రం లింగమయ్య నవ్వుకుంటూ వచ్చాడు. "పోయినసారి నడిమిట్లో కుప్పకాడికి పోయి తెచ్చుకునేలోగా వాళ్లు తప్పించుకున్యారు. ఈసారి చెయ్యి చాస్తే రాయి. సదువంటే నీది పాపా. పెద్దాయనకు చెప్పినా. పులివెందులలో ఆయన తమ్ముడు కాంట్రాక్టులు చేస్తాండాడు, నీకు ఉద్యోగం ఇప్పిస్తాడంట."

హెప్సిబా కలుపుకున్న అన్నం అలాగే వదిలేసింది.

మర్నాడు జమ్మలమడుగు ఆసుపత్రికి పోయింది. చాంద్‌బీ తలకు కట్టు, ఒక కన్ను వాచి మూసుకుపోయింది. రాళ్లు జరిపించింది తానేనని చెప్పాలనే వచ్చింది హెప్సిబా. అంతలో చాంద్‌బీయే ఆమె చెయ్యి పట్టుకుంది.

"అంతమంది పైన తొక్కులాడిరి గదా. మీ దూలం నిలబడిందా పాపా?"

"నిలబడింది అత్తా."

"అంతే సాలు. మీ యమ్మ దాని కిందనే పండుకుంటాదని నాకు శానా దిగులుగా ఉండె," అని చాంద్‌బీ నిశ్చింతగా రెండో కన్ను కూడా మూసుకుంది.