పోగు తెగె, కాలాపు

మా విద్యార్థిని ఆర్షియా చేతిలోని పెట్టెను స్టార్టప్ కేంద్రం మేనేజరు గుంజుకుంటుంటే నేను పక్కనే నిలబడి చూశాను. మా యూనివర్సిటీ ఇంజినీరింగ్ కాలేజీలో ల్యాబ్ అసిస్టెంటును నేను, పేరు నారాయణ. ఆ రోజు నోరెత్తలేదు. సిగ్గు విడిచి చెబుతున్నాను, వినండి.

మా కాలేజీలోనే ఒక హాలు గుమ్మం మీద "విద్యార్థుల స్టార్టప్ కేంద్రం" అని బోర్డు. స్థలం ప్రభుత్వానిది, కరెంటు ప్రభుత్వానిది, మిషన్లు జనం పన్నులతో కొన్నవి. నడిపే కాంట్రాక్టు మాత్రం ఒక ప్రైవేటు కంపెనీకి రాసిచ్చారు. మొదటిరోజు మేనేజరు ఇచ్చిన కాగితం మీద పిల్లలతో సంతకాలు పెట్టించింది నేనే. హాజరు కాగితం అనుకున్నాం అందరం. ఇక్కడ చేరినవాళ్లు ఏం తయారుచేసినా కంపెనీదేనని అందులో ఇంగ్లీషులో ఉంది.

ఆ పెట్టె మగ్గం మీద పోగు తెగితే చెబుతుంది. ఆర్షియా తల్లి ఖైరున్నీసా ప్రొద్దుటూరులో నేతగాళ్లకు కండెలు చుడుతుంది. పక్కింటి మస్తానమ్మకు చూపు మందగించి, తెగిన పోగు కనబడక చీరలు చెడిపోతున్నాయి. అందుకే ఈ పెట్టెకు దీపం లేదు, మాట ఉంది; పోగు తెగగానే మగ్గం తొక్కే కాలు ఆపమంటుంది. వీధి నేతగాళ్లతో కలిసి సొంతంగా కంపెనీ పెట్టాలని ఆ పిల్ల ఆశ. అసలు ఆ కేంద్రం పెట్టిందే అందుకు కదా?

కేంద్రాన్ని చూడటానికి విజయవాడ నుంచి ప్రభుత్వ అధికారి వచ్చిన రోజు హాల్లో మగ్గం వేయించి, మస్తానమ్మను కూలికి పిలిచి కూర్చోబెట్టారు. పెట్టె తమ బెంగుళూరు ఆఫీసులో తయారైందని మేనేజరు చెప్పుకుపోతున్నాడు. మస్తానమ్మ ఒక పోగు పట్టుకుని పుటుక్కున తెంపింది.

"అవ్వా, పోగు తెగె. కాలాపు," అంది పెట్టె, ఆర్షియా గొంతుతో.

హాలంతా గొల్లున నవ్వింది.

"బెంగుళూరోళ్లకు నేను ఎప్పుడు అవ్వనైతినప్పా?" అని అడిగింది మస్తానమ్మ. "ఆర్నెల్లు నా మగ్గం కాడ కూచోని చేసింది ఈ పిల్ల."

మేనేజరు సంతకాల కాగితం తీశాడు. అధికారి చదివి, రూలు రూలేనంటూ కారెక్కాడు. మస్తానమ్మ మగ్గం వదిలి లేచింది, చూడవచ్చిన నేతగాళ్లంతా ఆమె వెంట లేచారు.

ఆ సాయంత్రం నేతగాళ్ల వీధిలో మీటింగు. కోర్టుకు పోదామన్నాడు ఆర్షియా క్లాసుమేటు కార్తీక్. పోలీసులొస్తే పిల్ల చదువు గంగలో కలుస్తుందని ఖైరున్నీసా ఏడ్చింది.

"కోర్టులో తేలేలోపల వాళ్లే అమ్ముకుంటారు," అంది ఆర్షియా. "పెట్టె చేసే పద్ధతి గోడల మీద అంటిద్దాం. ఊరూరా చేస్తే ఎంతమందిని ఆపుతారు?"

"మరి నీ కంపెనీ?" అన్నాడు కార్తీక్.

"చేసేటోళ్లందరిదీ."

తెల్లారేసరికి ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల బస్టాండు గోడల మీద పెట్టె బొమ్మ, వైర్లు కలిపే తీరు పెద్దక్షరాలతో కనిపించాయి. కంపెనీ సొత్తు దొంగిలించిందని పదోరోజు ఆర్షియాను జీపెక్కించారు. సంతకాలు మోసంతో తీసుకున్నారని నేను స్టేషనుకెళ్లి రాసిచ్చాను. మరుసటిరోజే ఉద్యోగం పీకేశారు. పీకితే పీకనీ.

అదే రోజు మూడు ఊళ్ల పిల్లలూ స్టేషను ముందుకొచ్చారు. కార్తీక్ సంచి విప్పి ఎస్సై బల్ల మీద పెట్టెలు పేర్చాడు.

"ఈటిలో దొంగసొత్తు యాదో చూపీ సార్."

ఎస్సై ఒకటి ఎత్తి చూశాడు, ఇంకొకటి చూశాడు. బయటికి నడవండని కసిరాడు. ఒక్కరూ కదల్లేదు. అందరినీ తోసుకుని ఖైరున్నీసా ముందుకొచ్చి, కొంగు చాటునున్న పెట్టె తీసి బల్ల మీద పెట్టింది. వంకరటింకరగా అతికించిన పెట్టె అది.

"ఇది నేను చేసింది," అంది. "నా బిడ్డ పక్కన నన్నూ కూచోబెట్టు."

ఆమె వెనక వీధి వీధంతా పెట్టెలు పట్టుకుని నిలబడి ఉంది.