వేలెడంత వెలుగు

ఆదివారం ఉదయం అద్దాలాయన చేసే మొదటి పని, కెమెరాను మెత్తటి గుడ్డతో తుడుచుకోవడం. మిగతా ఆరు రోజులూ కళ్ళజోళ్ళ దుకాణం వెనకగదిలో కూర్చుని అద్దాలు అరగదీస్తాడు కాబట్టి వీధిలో అందరికీ ఆయన అద్దాలాయనే. ఫోటోలు తీయడం సరదా మాత్రమే. ఒక పాత ఫిల్మ్ కెమెరా, కిటికీకి దుప్పటి కడితే చీకటిగదిగా మారిపోయే స్నానాలగది, అంతే ఆయన సరంజామా.

ఆయన తీసిన ఫోటోలు చేతికి తగులుతాయి. ఇటుకగోడను తీస్తే వేళ్ళకు గరుకుగా ఉంటుంది. తడిమెట్లను తీస్తే చెమ్మ అంటుకుంటుంది. బేకరీ ఆయన అప్పుడే పొయ్యిలోంచి తీసిన రొట్టెల ఫోటో తీయించుకుని బల్లమీద పెట్టుకున్నాడు గానీ, వారం తిరక్కుండానే లోపల దాచేశాడు. వెచ్చగా ఉంది కదా అని వీధిలో పిల్లులన్నీ దానిమీదే పడుకుంటున్నాయట. కొనేవాళ్ళకంటే కునికేవాళ్ళు ఎక్కువయ్యారని ఆయన గోల. అంతకుమించి ఎవరూ ఏమీ అనుకోలేదు. ఫోటో బాగా వచ్చిందా లేదా అన్నదే అందరికీ పట్టింపు.

బాగా రావడమంటే ఏమిటో కాస్త చెప్పుకోవాలి. వెలుగు ఎదురుగా పడితే దేని గరుకైనా కనబడకుండా పోతుంది. పక్కనుంచి పడితే ప్రతి నూలుపోగుకూ ఒక చిన్న నీడ పుడుతుంది. చేతికి తగిలేది ఆ నీడే. వెలుగు మరీ ఎక్కువైతే ఆ చోటు మాడిపోయి ఉత్త తెల్లకాగితం మిగులుతుంది. మరీ తక్కువైతే నల్లగా, గాజుపలకలా వేలు జారిపోతుంది. మనిషి కదిలినా అంతే, ఏమీ నిలవదు.

అద్దాలాయన కూతురు ఎప్పుడూ కదులుతూనే ఉండేది. అందుకే దాన్ని ఇంటా బయటా పిడుగు అనేవాళ్ళు. తొమ్మిదేళ్ళలో తీసిన ఫోటోలన్నీ చెదిరిపోయాయి. మూడేళ్ళ కిందట ఒక ఆదివారం మాత్రం, ఎందుకో మరి, కిటికీ పక్కన బుద్ధిగా నిలబడింది. వాళ్ళమ్మ ఎవరింటికో కొలతలు తీసుకోవడానికి వెళ్ళింది. ఆవిడ వీధికంతటికీ బట్టలు కుట్టేది. పిల్ల ఒంటిమీద ఉన్నది ఆవిడ ఇరవై రోజులు కూర్చుని తెల్లగుడ్డ మీద తెల్లదారంతో పూలు కుట్టిన గౌను. ఆ పూలలో ఒక్కటీ మాడిపోకూడదని అద్దాలాయన వెలుగు కొలత గౌను మీదే తీసుకున్నాడు.

పొరపాటు అక్కడే జరిగింది. కెమెరాలో వెలుగు కొలిచే ముల్లుకు తెలుపంటే తెలియదు. ఎదుట ఉన్నదంతా బూడిదరంగే అనుకుంటుంది. తెల్లగుడ్డ చూపిస్తే, అమ్మో ఇంత వెలుగా అని హడలిపోయి తగ్గించమంటుంది. అప్పుడు దాని మాట పక్కనబెట్టి ఇంకాస్త వెలుగివ్వాలి. ఆయనకిది తెలియనిది కాదు. తెలిసీ, పూలమీది మోజుతో ముల్లు మాటే విన్నాడు. గౌను మీద పూలు ఒక్కొక్కటీ వేలితో లెక్కపెట్టుకునేలా వచ్చాయి. పిల్ల ముఖం నల్లటి గాజుపలక అయింది.

మర్నాడు సాయంత్రం వాళ్ళమ్మ కుట్టిన బట్టలు ఇచ్చిరావడానికి పిడుగును వెంటబెట్టుకుని వెళ్ళి వానలో చిక్కుకుంది. ఇంటికి వచ్చేసరికి పిల్లకు జ్వరం. ఐదో రోజుకు పిల్ల లేదు.

ఆ మూడేళ్ళూ ఆవిడ మిషను మీద గుడ్డ తీయలేదు. ఈ ఆదివారం పొద్దున రెండు సంచులు సర్ది గుమ్మం పక్కన పెట్టింది. నాలుగింటి బస్సుకు అక్క దగ్గరికి వెళ్ళిపోతాననీ, ఇక రాననీ చెప్పింది. ఆయన ఎంతో నచ్చజెప్పాడు. జ్వరాలు ఎవరికి రావని, మూడేళ్ళుగా అంటున్న మాటే మళ్ళీ అన్నాడు.

"మీరు తడపలేదుగా. నేను తడిపాను," అంది ఆవిడ. "పోనీ దాని చెంప ఎలా ఉండేదో అదైనా గుర్తుందా అంటే, అదీ పోయింది," అంది.

ఆయన లేచి స్నానాలగదిలోకి వెళ్ళి దుప్పటి కట్టాడు.

ఆ ఫిల్ములో ముఖం ఉన్నచోట దాదాపు ఏమీ లేదు. కిటికీ వైపు మాత్రం, చెవికొస నుంచి గడ్డం దాకా, వేలెడు వెడల్పున వెలుగు ఒరుసుకుంటూ వెళ్ళింది. ఫిల్ము నుంచి కాగితం మీదికి దింపేటప్పుడు లెక్క తిరగబడుతుంది, వెలుగు ఎక్కువైతే కాగితం నల్లబడుతుంది. అది కాగితం మీదికి రావాలంటే కాగితానికి వెలుగు చాలా తక్కువ చూపించాలి. అలా చేస్తే గౌను ఉత్త తెల్లకాగితమైపోతుంది. రెండూ దక్కించుకోవాలని, తీగకు అతికించిన అట్టముక్క ముఖానికి అడ్డం పెట్టి ఆయన మూడేళ్ళుగా పాట్లు పడుతున్నాడు. చెంప మట్టిరంగుకు తిరిగేదే తప్ప చేతికి తగిలేది కాదు. ఈ రోజు అట్టముక్క ముట్టుకోలేదు. పద్నాలుగు అంకెలు లెక్కపెట్టేచోట ఐదు లెక్కపెట్టి దీపం ఆర్పేశాడు.

తడి ఆరకముందే తెచ్చి ఆవిడ ముందు పెట్టాడు.

"నా పూలేవండీ?"

"పోయాయి. అవి ఉంటే ఇది రాదు."

ఆవిడ చెయ్యి తుడుచుకుని, ఆ సన్నటి వెలుగు మీద వేలు పెట్టింది. చాలాసేపు తియ్యలేదు. తర్వాత అరచేయి తిప్పి, వేళ్ళ వెనకవైపు ఆనించి చూసింది.

"వేడిగా ఉందండీ."

"కిటికీ దగ్గర నిలబడింది కదా."

"ఎండ వేడి నాకు తెలియదా? ఇది కాలిపోతోంది." ఆవిడ తలెత్తింది. "ఇది ఏ రోజు తీశారు?"

గుర్తులేదంటే సరిపోయేది. ఆ మాట ఆయన నోటిదాకా వచ్చింది కూడా.

"ఆదివారం. వానకు ముందు రోజు."

"అయితే జ్వరం మర్నాటికి దిగి, మళ్ళీ వచ్చిందన్నమాట," అంది ఆవిడ నెమ్మదిగా, తనలో తాను.

మూడేళ్ళుగా ఆవిడ భుజాల మీదున్న బరువు దిగడం ఆయన కళ్ళారా చూశాడు. దిగి ఎక్కడికి వచ్చిందో కూడా ఆయనకు తెలుసు.

"అందుకే కదలకుండా నిలబడింది," అన్నాడు. "గంటసేపు నిలబెట్టాను. ఇవాళ ఎంత బుద్ధిమంతురాలివమ్మా అని మెచ్చుకున్నాను కూడా. కొలతలు చూసుకున్నాను గానీ ఒక్కసారి ఒంటిమీద చెయ్యి వేసి చూడలేదు."

ఆవిడ లేచింది. సంచుల కోసమే అనుకుని ఆయన తల దించుకున్నాడు. ఆవిడ వంటింట్లోకి వెళ్ళి గిన్నెలో చల్లటి నీళ్ళూ, పాత నూలుగుడ్డా తెచ్చింది. గుడ్డను వేలెడు వెడల్పున మడిచి, తడిపి, పిండి, ఫోటోలో చెంప మీద పరిచింది. అది వేడెక్కగానే తీసి ఆయనకు అందించింది. ఆయన ముంచి, పిండి, మళ్ళీ వేశాడు. ఈసారి ఆవిడ. మళ్ళీ ఆయన. గిన్నెలో నీళ్ళు మూడుసార్లు మార్చారు. ఎండ గోడ మీద నుంచి నేలమీదికీ, నేలమీద నుంచి గుమ్మం దాకానూ జరిగింది. నాలుగింటి బస్సు హారన్ కొట్టుకుంటూ సందు చివర నుంచి వెళ్ళిపోయింది. ఇద్దరిలో ఎవరూ తలెత్తలేదు.

ఐదు దాటాక ఆవిడ గుడ్డ తీసి, వేళ్ళ వెనకవైపు ఆనించి చూసింది.

"తగ్గిందండీ," అంది. ఆయన కదలకపోతే, ఆయన చెయ్యి పట్టుకుని అక్కడ పెట్టింది.

చల్లగా, మెత్తగా, సన్నటి నూగుతో ఉంది.